స్ట్రెంత్ 78, క్వాలిటీ సున్నా: డిష్‌కు నిజంగా వేపచెట్టే అడ్డమా?

పాకాల గట్టు:
అందరికీ నమస్తే. మాది నర్సంపేట దగ్గర ఊరు. నేను హైదరాబాద్‌లో పని చేస్తాను, దసరాకు ఇంటికొచ్చాను. ఇంట్లో బాపు, అమ్మ ఇద్దరే ఉంటారు, చూసేది వార్తలు, పాత సినిమాలు. దానికి నెలనెలా రీచార్జి ఎందుకని బాపు అంటే వరంగల్ నుంచి డీడీ ఫ్రీ డిష్ డబ్బా తెచ్చాను. స్లాబ్ మీద పాత డిష్, ఎల్ఎన్‌బీ (డిష్ ముందు కడ్డీకి ఉండే, సిగ్నల్ పట్టే చిన్న పరికరం), కేబుల్ అన్నీ ఉన్నాయి కాబట్టి డబ్బా మార్చితే చాలనుకున్నాను. పెట్టి చూస్తే స్ట్రెంత్ 78, క్వాలిటీ సున్నా. ఒక్క ఛానల్ కూడా రాలేదు.

డిష్‌లు బిగించే ఆయన్ని పిలిస్తే గంటసేపు అటూ ఇటూ తిప్పి, 500 రూపాయలు తీసుకుని, ఇంటి ముందున్న వేపచెట్టు అడ్డం వస్తోంది, అది కొట్టేస్తే తప్ప ఎవరొచ్చినా సిగ్నల్ రాదు అని చెప్పి వెళ్లిపోయాడు. ఆ చెట్టు మా చెల్లి పుట్టిన ఏడాది అమ్మ పెట్టింది. మా వాడ ఆడోళ్లు బతుకమ్మ పేర్చుకునేది దాని నీడలోనే. బాపు కొట్టేద్దాం అంటున్నాడు, అమ్మ నిన్నటి నుంచి ఎవరితోనూ మాట్లాడటం లేదు. చెట్టు డిష్ నుంచి 15 అడుగుల దూరంలో, ఆగ్నేయం వైపే ఉంది. డిష్ కంటే ఒక 12 అడుగులు ఎత్తు ఉంటుందేమో. నాలుగు రోజుల్లో నేను వెళ్లిపోవాలి, చాలా టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి, చెట్టే అడ్డమా?

పరకాల పత్తిచేను:
తమ్ముడూ, తొందరపడి చెట్టు కొట్టకండి. మొన్నటిదాకా అదే చెట్టు ఉండగానే పాత డీటీహెచ్ పని చేసింది కదా, ఇప్పుడు కొత్తగా ఎలా అడ్డమవుతుంది? నాకైతే కోతుల పని అనిపిస్తోంది. మా దగ్గర గుంపులు గుంపులుగా వచ్చి డిష్ మీద ఎక్కి ఊగుతాయి, ఆ బరువుకు పైపే వంగిపోతుంది. మా డిష్ ఇప్పటికి మూడుసార్లు తిరిగిపోయింది. ముందు మీ పైపు నిటారుగా ఉందో లేదో చూడండి.

కాజీపేట పాత మెకానిక్:
పన్నెండేళ్లు ఇదే పని చేశాను కాబట్టి వివరంగా రాస్తున్నాను, ఓపికగా చదవండి. పరకాల అన్న పైపు గురించి చెప్పింది నిజమే, చెట్టు గురించి చెప్పింది మాత్రం సరిపోదు. ఎందుకంటే ఒక్కో డీటీహెచ్ ఒక్కో ఉపగ్రహం నుంచి వస్తుంది. డీడీ ఫ్రీ డిష్ వచ్చేది 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం పైన ఉన్న జీశాట్-15 నుంచి. పాతది 83 డిగ్రీల దగ్గరున్న జీశాట్-24 లాంటి దాని వైపు ఉండి ఉంటే, డిష్ చూసే దిక్కే వేరు. పాత దిక్కులో చెట్టు అడ్డం లేకపోయినా కొత్త దిక్కులో ఉండొచ్చు. కాబట్టి పాతది పని చేసింది అన్న మాటతో తేల్చలేం, లెక్క చూడాల్సిందే.

మన వరంగల్ చుట్టుపక్కల నుంచి చూస్తే 93.5 ఉపగ్రహం దిక్సూచిలో 141 డిగ్రీల దగ్గర ఉంటుంది. సరిగ్గా ఆగ్నేయ మూల అంటే 135, దానికంటే ఇంకొంచెం దక్షిణానికి అన్నమాట. ఎత్తు నేల నుంచి 63, 64 డిగ్రీలు. అంటే చాలా పైకి, దాదాపు నడినెత్తి వైపు. ఈ ఎత్తులో ఒక అడుగు ముందుకు పోతే సిగ్నల్ దారి రెండు అడుగులు పైకి లేస్తుంది. మీ చెట్టు 15 అడుగుల దూరంలో ఉంది కాబట్టి అక్కడికి వచ్చేసరికి సిగ్నల్ దారి డిష్ కంటే 30 అడుగుల ఎత్తులో ఉంటుంది. మీ చెట్టు 12 అడుగులే. కొమ్మలు డిష్ వైపు ఐదడుగులు చాచుకుని ఉన్నా అక్కడ కూడా దారి 20 అడుగుల పైన పోతుంది. అమ్మతో చెప్పండి, ఆ చెట్టు ఒక్క కొమ్మ కూడా కొట్టక్కర్లేదు.

డిష్ ముఖం చూసి చాలామంది మోసపోతారు. ఇవి ఆఫ్‌సెట్ డిష్‌లు, ఎల్ఎన్‌బీ మధ్యలో కాకుండా కింద ఉంటుంది. అందుకే డిష్ ఎదురుగా ఉన్న చెట్టును చూస్తున్నట్టు కనిపిస్తుంది, నిజానికి అది తీసుకునేది అంతకంటే ఇరవై డిగ్రీలకు పైగా ఎత్తు నుంచి. మీ దగ్గరికొచ్చిన ఆయన అక్కడే పొరపాటు పడి ఉంటాడు.

ఇక స్ట్రెంత్ 78 సంగతి. దాన్ని అసలు పట్టించుకోకండి. ఎల్ఎన్‌బీకి కరెంటు అందుతోంది, కేబుల్‌లో ఏదో ఒకటి వస్తోంది అని మాత్రమే దాని అర్థం. డిష్‌ను ఏ దిక్కుకు తిప్పినా అది అంతే చూపిస్తుంది. ఉపగ్రహం దొరికిందో లేదో చెప్పేది క్వాలిటీ ఒక్కటే.

చేసే పని ఇదీ. దారానికి రాయి కట్టి పైపు పక్కన వేలాడదీయండి. రెండు వైపుల నుంచి చూడండి, పైపు దారంతో కలిసి నిటారుగా ఉండాలి. పైపు వంగి ఉంటే డిష్ వెనక బ్రాకెట్ మీదున్న డిగ్రీల అంకెలన్నీ తప్పే. తర్వాత పైపు మీద పాత బిగింపు గాటు వెతకండి, ఏళ్ల తరబడి ఒకేచోట ఉంటే బోల్టు ముద్ర తప్పకుండా ఉంటుంది. పాతది 83 డిగ్రీలదే అయితే అక్కడి నుంచి డిష్‌ను తూర్పు వైపు 28 డిగ్రీలు తిప్పాలి. డిష్ వెనక నిలబడితే మీ ఎడమ చెయ్యి వైపు. రెండు అంగుళాల పైపు చుట్టుకొలత 16 సెంటీమీటర్లే ఉంటుంది కాబట్టి 28 డిగ్రీలంటే పైపు మీద 12 మిల్లీమీటర్లు, అంతే. ఎత్తు మాత్రం 5 డిగ్రీలు దించాలి. ఒక్క మిల్లీమీటరు జరిగినా రెండు డిగ్రీలు పైనే పోతుంది, 60 సెంటీమీటర్ల డిష్‌కు అంత తేడా వస్తే క్వాలిటీ పడిపోతుంది. అందుకే చేతికొచ్చినట్టు తిప్పితే గంట కాదు, రోజంతా తిప్పినా దొరకదు.

డబ్బా సెట్టింగులో ఎల్ఎన్‌బీ 9750/10600 ఉండాలి. ట్రాన్స్‌పాండర్ (ఛానళ్లు వచ్చే ఫ్రీక్వెన్సీ) 11090, వర్టికల్, సింబల్ రేటు 29500 పెట్టుకుని, ఒకరు టీవీ ముందు కూర్చుని ఫోన్‌లో క్వాలిటీ చదువుతుంటే ఇంకొకరు పైన తిప్పండి. గోరంత తిప్పి మూడు నాలుగు సెకన్లు ఆగాలి, డబ్బాకు పట్టుకోవడానికి టైం పడుతుంది. క్వాలిటీ వచ్చాక ఎల్ఎన్‌బీని కూడా హోల్డర్‌లోనే కొద్దికొద్దిగా తిప్పి చూసి, ఎక్కడ ఎక్కువొస్తే అక్కడ బిగించండి. నట్లు బిగించేటప్పుడు ఒకటి పూర్తిగా కాకుండా అటొకటి ఇటొకటి మార్చి మార్చి బిగించాలి, లేకపోతే ఆ బిగింపుకే డిష్ జరుగుతుంది.

పాకాల గట్టు:
అన్నా, మీ లెక్క చదివి వినిపిస్తే అమ్మ ముఖం చూడాలి. బాపు మాత్రం నమ్మలేదు, తాడుతో కొలిచాడు. చెట్టు సరిగ్గా 16 అడుగుల దూరంలో ఉంది.

పరకాల అన్న చెప్పినట్టే పైపు పడమరకు ఒరిగి ఉంది, గోడలోని ఒక బోల్టు ఊడిపోయింది. కొత్త బోల్టు వేసి నిటారుగా నిలబెట్టాం. పాత గాటు కూడా దొరికింది, మాది 83దే. బాపు స్కేలుతో 12 మిల్లీమీటర్లు కొలిచి పెన్నుతో గీత పెట్టాడు. గీత దాటి ఇంకో గోరంత తిప్పేసరికి క్వాలిటీ 40, ఎల్ఎన్‌బీ తిప్పాక 66. డీడీ యాదగిరి వచ్చింది!

కానీ రాత్రి ఎనిమిది గంటలప్పుడు బొమ్మ ముక్కలు ముక్కలై మళ్లీ పోయింది. గాలి లేదు, వాన లేదు. ఈసారి స్ట్రెంత్ కూడా ఒక్కోసారి సున్నా అవుతోంది.

కాజీపేట పాత మెకానిక్:
స్ట్రెంత్ కూడా పడిపోతోందంటే అది డిష్ దిక్కు సమస్య కాదు, డిష్‌ను ముట్టుకోకండి. కేబుల్‌లోనో కనెక్టర్‌లోనో ఉంది. ఎల్ఎన్‌బీకి కావలసిన 13, 18 వోల్టుల కరెంటు కూడా డబ్బా నుంచి అదే కేబుల్‌లో వెళ్తుంది. మధ్యలో ఎక్కడ తెగినా, తడిసినా రెండూ పోతాయి. ముందు డబ్బా ప్లగ్గు తీసేయండి, తర్వాతే కనెక్టర్లు విప్పండి. రాగి తీగ నల్లగానో పచ్చగానో మారితే అంతవరకు కోసి కొత్త కనెక్టర్ వేయండి. చుట్టూ ఉన్న జాలీ తీగలో ఒక్క పోగు కూడా మధ్య తీగకు తగలకూడదు.

పరకాల పత్తిచేను:
కేబుల్ మధ్యలో మెలితిప్పి టేపు చుట్టిన జాయింట్ ఉందేమో కూడా చూడండి తమ్ముడూ. కోతులు కొరికితే మావాళ్లు అలాగే అతికించారు, మొదటి వానకే పోయింది.

పాకాల గట్టు:
ఉంది అన్నా, సరిగ్గా అదే. సజ్జ కింద టేపు చుట్టిన జాయింట్, విప్పితే లోపల నీళ్లు. లోపలి తీగ ముట్టుకుంటే పొడి రాలింది. నర్సంపేట వెళ్లి జాయింట్ లేకుండా ఒకే ముక్కగా ఆర్‌జీ-6 కేబుల్, కొత్త కనెక్టర్లు తెచ్చి వేశాం. నిన్న సాయంత్రం నుంచి క్వాలిటీ 70 దగ్గర కదలకుండా ఉంది.

ఇంకొక్కటి అడగాలి. ఈ రోజు పొద్దున 11 గంటల ప్రాంతంలో ఒక ఐదారు నిమిషాలు పోయి దానంతట అదే వచ్చేసింది. నిర్మలమైన ఎండ. బాపు మళ్లీ చెట్టు వైపు చూస్తున్నాడు.

కాజీపేట పాత మెకానిక్:
బాపును కంగారు పడొద్దనండి. అది సూర్యుడి వల్ల. ఏటా మార్చిలో కొన్ని రోజులు, మళ్లీ అక్టోబర్ మొదట్లో కొన్ని రోజులు సూర్యుడు మనకు సరిగ్గా ఉపగ్రహం వెనక్కి వస్తాడు, ఆ వేడి రొదలో సిగ్నల్ మునిగిపోతుంది. 93.5కు మన దగ్గర అది 11 గంటల ప్రాంతంలోనే జరుగుతుంది. రేపు కూడా పోవచ్చు, నాలుగైదు రోజుల్లో ఆగిపోతుంది. రేపు అదే సమయానికి స్లాబ్ ఎక్కి చూడండి, డిష్ ముఖం మొత్తం ఎండలోనే ఉంటుంది. వేపచెట్టు నీడ ఆ దరిదాపుల్లో కూడా ఉండదు, బాపుకు అది చూపించండి.

పాకాల గట్టు:
చూపించానన్నా. 11 కాకముందే ఇద్దరం పైకెక్కాం, మీరన్నట్టే డిష్ ముఖం మొత్తం ఎండలోనే ఉంది, అదే టైంకి కింద నుంచి అమ్మ బొమ్మ పోయిందని కేకేసింది. బాపు చెట్టు నీడ ఎక్కడుందో చూసి, గొడ్డలి తీసుకెళ్లి కొట్టంలో పెట్టేశాడు. రేపు ఉదయం బస్సుకు వెళ్తున్నాను. కొత్త కేబుల్ కోతులకు అందకుండా పీవీసీ పైపులోంచి తీశాం.