హాన్‌ఫర్డ్ ఎదుటి ఒడ్డున ఇల్లు: బోరు నీళ్లకు ఏ పరీక్షలు చేయించాలి?

నమస్కారం అండీ. మేం అమెరికాలో, వాషింగ్టన్ రాష్ట్రంలోని రిచ్‌లాండ్‌లో ఉంటాం. కొలంబియా నది తూర్పు వైపు, పాస్కో దాటాక పొలాల మధ్య ఒక ఇల్లు నచ్చింది. అక్కడ మున్సిపల్ నీళ్లు రావు, బోరు ఒక్కటే దిక్కు. నదికి అవతలి ఒడ్డునే హాన్‌ఫర్డ్ అనే పాత అణు కేంద్రం. మా ఆవిడకు ఇప్పుడు ఆరో నెల, అందుకే టెన్షన్.

1944, 1987 మధ్య హాన్‌ఫర్డ్‌లో 9 రియాక్టర్లు అణుబాంబులకు వాడే ప్లుటోనియం తయారుచేశాయి. పైపులు తుప్పు పట్టకుండా చల్లబరిచే నీళ్లలో కలిపిన రసాయనం వల్ల భూగర్భ జలాల్లో హెక్సావాలెంట్ క్రోమియం (విషపూరితమైన క్రోమియం రూపం) చేరింది. వాటిలో ఒకటైన ఎన్ రియాక్టర్ దగ్గర స్ట్రాన్షియం-90 అనే రేడియోధార్మిక పదార్థం, మధ్య భాగంలో కార్బన్ టెట్రాక్లోరైడ్ అనే విషపూరిత ద్రావణి కూడా ఉన్నాయి. 2012 నుంచి అక్కడ పెద్ద ప్లాంటులో నీటిని పైకి తోడి, శుద్ధి చేసి, మళ్లీ భూమిలోకి పంపుతున్నారు. ఆ పని చూస్తే కొంత ధైర్యం వస్తుంది.

నాకు అర్థమైనంతలో అక్కడి భూగర్భ జలాలు నది వైపే పారతాయి. అంటే నది దాటి మా బోరులోకి రావనుకోవచ్చా? లేక ఇటు పొలాల ఎరువుల నుంచి వచ్చే నైట్రేటే మాకు అసలు సమస్యా? అది పసిపిల్లలకు ప్రమాదం, పైగా కాచినా పోదు.

ఇటువైపు బోరు నీళ్లు తాగుతున్నవాళ్లు, భూగర్భ జలాల మీద పనిచేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. నైట్రేట్, యురేనియం, ట్రిటియం (రేడియోధార్మిక హైడ్రోజన్) పరీక్షలు చాలా? ఏడాదికి ఎన్నిసార్లు చేయించాలి? వంటగదిలో ఆర్‌ఓ పెడితే సరిపోతుందా? అడ్వాన్స్ ఇచ్చేలోపు తేల్చుకోవాలి.