కరీబియన్ వలసదారులకు కావలసింది గొప్ప భవనమా, నాలుగు గోడలా?

థేమ్స్‌గట్టు:
మొన్న లండన్ బ్రిక్స్‌టన్‌లో, నల్లజాతివారి చరిత్రను భద్రపరిచే బ్లాక్ కల్చరల్ ఆర్కైవ్స్ చూసి వచ్చాను. 1981లో పుట్టిన సంస్థ. విండ్‌రష్ స్క్వేర్‌లోని పాత రాలీ హాల్‌లో కుదురుకునేసరికి 2014 వచ్చింది. లండన్‌లోనే టాటెన్‌హామ్‌లో, గయానా నుంచి వచ్చి ఎంపీ అయిన బెర్నీ గ్రాంట్ పేరిట వాస్తుశిల్పి డేవిడ్ అడ్జాయె రూపొందించిన కళాకేంద్రం 2007లోనే తెరిచారు. వలస వచ్చినవారికి ఇలా నలుగురికీ కనబడే భవనం ఉండి తీరాలి.

ఇటుకసున్నం:
భవనాలు చూసి మురిసిపోకండి. 1948లో కరీబియన్ నుంచి వచ్చిన విండ్‌రష్ ఓడ దిగినవారిలో బస లేనివారిని క్లాపమ్ సౌత్‌లో, యుద్ధకాలంలో తవ్విన భూగర్భ ఆశ్రయంలో పెట్టారు. పని ఇప్పించే కార్యాలయం దగ్గరలో బ్రిక్స్‌టన్‌లో ఉంది కాబట్టి చాలామంది ఆ పక్కనే ఇళ్లు వెతుక్కున్నారు. ఏ వాస్తుశిల్పి గీస్తే ఏర్పడింది ఆ పేట? నాటింగ్ హిల్‌లో ఫ్రాంక్ క్రిచ్‌లో 1968లో తెరిచిన మాంగ్రోవ్ హోటలే వాళ్ల అసలు సంఘ భవనం.

రామలక్ష్మి:
హోటలు సంఘ భవనం ఎలా అవుతుందండీ?

ఇటుకసున్నం:
అక్కడ అన్నమూ దొరికేది, సలహా దొరికేది. పోలీసులు మాటిమాటికీ సోదాలు చేస్తుంటే 1970లో ఊరేగింపు తీశారు. తొమ్మిది మందిపై అల్లర్ల కేసు పెట్టారు. 1971లో ఆ అభియోగం ఒక్కరిపైనా నిలవలేదు. ఆ ధైర్యం అద్దాల గోడలు ఇచ్చినదా?

రామలక్ష్మి:
అయినా బిల్లు కట్టాలి కదా. హోటలే.

థేమ్స్‌గట్టు:
ఆ మాంగ్రోవ్ మూతపడి ఎన్నేళ్లయిందో! యజమాని ఓపిక ఉన్నంతకాలమే హోటలు. రాలీ హాల్ అలా కాదు.

ఇటుకసున్నం:
భవనం ఉంటే ఏమవుతుందో నాకు తెలుసు. మేముండే ఊళ్లో తెలుగువాళ్లం చందాలు వేసుకుని హాలు కట్టాం. ఇప్పుడది శనాదివారాలు పెళ్లిళ్లకు అద్దెకు పోతుంది. మా పిల్లల తెలుగు తరగతి మెట్ల కింద జరుగుతోంది.

థేమ్స్‌గట్టు:
మీ కమిటీ మీద కోపం బ్రిక్స్‌టన్ మీద చూపిస్తే ఎలా? నా సంగతీ వినండి. పన్నెండేళ్లు ఒక చర్చి హాలులో ఉగాది చేశాం. ఎనిమిది కొట్టేసరికి కుర్చీలు మడిచి, పులిహోర వాసన పోయేలా కిటికీలు తెరిచి, క్షమాపణ చెప్పి బయటికి నడవాలి. అందచందాల గురించి కాదు నా బాధ. ఎవరి దయా లేకుండా కూర్చునే చోటు కావాలి.

ఇటుకసున్నం:
సొంత హాలులోనే క్షమాపణ చెప్పుకుంటున్నవాణ్ణి నేను. తాళంచెవి ఎవరి జేబులో ఉందో ముందు అడగండి.

థేమ్స్‌గట్టు:
తాళం వేయడానికి తలుపంటూ ఉండాలి కదా!

రామలక్ష్మి:
మాంగ్రోవ్‌లో టీ అయినా ఉచితంగా ఇచ్చేవారా?