సింగపూర్ – న్యూయార్క్ నాన్‌స్టాప్: అసలు ఎన్ని గంటలు కూర్చోవాలి?

ప్రశ్న:
నమస్తే అండీ. డిసెంబర్‌లో అమ్మని తీసుకుని సింగపూర్ నుంచి న్యూయార్క్ వెళ్లాలి. దూరం 15,300 కిలోమీటర్ల పైచిలుకు అంటున్నారు, గంటకు 900 చొప్పున వేసుకుంటే 17 గంటలు రావాలి, టికెట్‌లో మాత్రం 18న్నర దాటి ఉంది. పైగా అర్ధరాత్రి దాటాక ఎక్కితే అదే రోజు తెల్లవారుజామున దిగుతామట! అమ్మకి షుగర్, మాత్రలు టైముకి పడాలి. ఏ లెక్క నమ్మాలి?

జవాబు:
టికెట్‌లో వేసిన గంటలే నమ్మండి. ఎక్కే టైము సింగపూర్‌ది, దిగే టైము న్యూయార్క్‌ది. చలికాలంలో సింగపూర్ 13 గంటలు ముందుంటుంది, వేసవిలో 12. దిగే టైముకి ఆ 13 కలిపి చూడండి, సరిపోతుంది. ఇక 900 అనేది పైకెళ్లాక ఉండే వేగం. రన్‌వే దాకా పాక్కుంటూ వెళ్లడం, గాల్లో పైకి లేవడం, కిందికి దిగడం, దారిలో వంకర్లు, అన్నీ కలిస్తే గంటన్నర ఇట్టే పోతుంది.

ఇంకో జవాబు:
ఆ 15,300 ఎక్కడిదో చెప్తా, నాకు భలే ఇష్టమైన లెక్క ఇది. సింగపూర్ 104 డిగ్రీల తూర్పు రేఖాంశం, న్యూయార్క్ 74 పడమర. కలిపితే 178, అంటే ఇంచుమించు భూమికి ఆ పక్కొకటి, ఈ పక్కొకటి. అందుకని దగ్గరి దారి దాదాపు ఉత్తర ధ్రువం మీంచే పోతుంది. న్యూయార్క్ నుంచి ధ్రువానికి సుమారు 49న్నర డిగ్రీలు, అక్కణ్ణుంచి సింగపూర్‌కి 88న్నర, మొత్తం 138. డిగ్రీకి 111 కిలోమీటర్లు వేసుకోండి, వచ్చేసింది. గోడ మీద మ్యాప్‌లో ఇది కనబడదు, గ్లోబు మీద దారం పట్టి చూడాలి.

అయితే విమానం రోజూ ఆ దారినే పోదు. 9–12 కిలోమీటర్ల ఎత్తులో జెట్ స్ట్రీమ్ అనే గాలి ప్రవాహం పడమర నుంచి తూర్పుకి వీస్తుంది, చలికాలంలో మరీ జోరు. దాని సాయం దొరుకుతుందంటే జపాన్ వైపుగా పసిఫిక్ మీంచి చుట్టు తిరిగి వెళ్లినా లాభమే. 2020 ఫిబ్రవరిలో తుపాను గాలి వెనకనుంచి తోస్తే ఒక బ్రిటిష్ ఎయిర్‌వేస్ 747 న్యూయార్క్ నుంచి లండన్‌కి 4 గంటల 56 నిమిషాల్లో వెళ్లిపోయింది! అందుకే కిలోమీటర్లు చూసి గంటలు చెప్పలేం. ఫ్లైట్ ట్రాకర్‌లో మీ ఫ్లైట్ నంబర్ కొట్టి గత వారం రోజులు ఎంతసేపు ఎగిరిందో చూసుకోండి.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్సండీ. మరి మాత్రల సంగతి?

జవాబు:
డాక్టర్‌ని అడిగేటప్పుడు "18న్నర గంటల ప్రయాణం, 13 గంటల తేడా" అని రెండూ చెప్పండి, ఒకటే చెబితే చాలదు. దిగేదాకా ఒక వాచీ సింగపూర్ టైములోనే ఉంచండి. మాత్రలు, చీటీ చేతి బ్యాగులోనే పెట్టుకోండి, చెకిన్ లగేజీలో వద్దు. మధ్యమధ్య అమ్మగారిని లేపి నాలుగడుగులు వేయించండి, అన్ని గంటలు కదలకుండా కూర్చుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది.

ఇంకోటి, టికెట్‌లో ఏ ఎయిర్‌పోర్ట్ ఉందో చూసుకోండి. జేఎఫ్‌కే న్యూయార్క్‌లో ఉంది, న్యూఆర్క్ పక్కన న్యూజెర్సీలో. మిమ్మల్ని తీసుకెళ్లడానికి వచ్చేవాళ్లకి కూడా ఏదో ముందే చెప్పండి.