కరోలా టైర్లు రెండు మార్చాలా, నాలుగూ మార్చాలా? (డల్లాస్ వైపు)

ప్రశ్న (ఇర్వింగ్, టెక్సాస్)

అందరికీ నమస్కారం. నాది 2017 కరోలా ఎల్ఈ, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. మొన్న ఆయిల్ మార్పిద్దామని తీసుకెళ్తే అక్కడి అబ్బాయి కారు పైకి లేపి ఫోటోలు తీసి చూపించి, "ముందువి 3, వెనకవి 5 ఉన్నాయి, నాలుగూ ఇవాళే మార్చేయాలి, వీటితో హైవే ఎక్కొద్దు" అని ఒకటే భయపెట్టాడు. కొటేషన్ 940 డాలర్లు. అందులో టైర్లు, అలైన్‌మెంట్, నైట్రోజన్, ఇంకా రోడ్ హజార్డ్ అని ఏదో ఉంది. మన ఊళ్ళో అయితే తెలిసిన షాపుకి వెళ్ళి ఎంఆర్ఎఫో అపోలోనో వేయించుకుని వచ్చేసేవాణ్ణి, ఇక్కడ ఆ 3 ఏంటో 5 ఏంటో కూడా అర్థం కాలేదు. దానికి తోడు కారు స్టార్ట్ చేయగానే టైరు బొమ్మ లైటు ఒక నిమిషం మిణుకుమిణుకుమని, తర్వాత ఆరకుండా వెలుగుతూనే ఉంటోంది. గాలి చూస్తే నాలుగింటిలోనూ సరిగ్గానే ఉంది. వచ్చే నెల అమ్మానాన్న వస్తున్నారు, ఆస్టిన్, శాన్ ఆంటోనియో తిప్పాలి, అదీ టెన్షన్. నిజంగా నాలుగూ మార్చాలా? ఎక్కడ కొంటే మంచిది?

ప్లేనో నుంచి

ఆ కొటేషన్ పక్కన పెట్టండి, ముందు టైర్లు మీరే చూడండి. ఆ 3, 5 అంటే గాడి లోతు, అంగుళంలో 32వ వంతుల లెక్కలో చెప్తారు. కొత్త టైరుకి మామూలుగా 10 లేదా 11 ఉంటుంది. 2 కన్నా కిందికి దిగితే టెక్సాస్‌తో సహా చాలా రాష్ట్రాల్లో చట్టం ఒప్పుకోదు. గాడి లోపల అడ్డంగా చిన్న రబ్బరు గట్లు ఉంటాయి చూడండి, టైరు అరిగి వాటికి సమానమైతే 2కి వచ్చేసినట్టే. ఇంట్లో కొలవాలంటే క్వార్టర్ (25 సెంట్ల) బిళ్ళని వాషింగ్టన్ తల కిందికి ఉండేలా గాడిలో పెట్టండి. తల పైభాగం మొత్తం బయటికి కనిపిస్తే 4 కన్నా తక్కువ ఉన్నట్టు. పెన్నీ (ఒక సెంటు బిళ్ళ) మీద లింకన్ తలతో అలాగే చేస్తే 2 తెలుస్తుంది. ఒక్కచోట చూసి వదిలేయకండి. లోపలి అంచు, మధ్య, బయటి అంచు మూడుచోట్లా చూడాలి. స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకి తిప్పి ఆపితే ముందు టైర్ల లోపలి అంచు కూడా చేతికి అందుతుంది.

రెండు అంచులూ అరిగి మధ్యలో బాగుంటే గాలి తక్కువతో నడిపారని, మధ్యలోనే అరిగితే ఎక్కువ కొట్టించారని, ఒక పక్కే అరిగితే చక్రాల కోణం, అంటే అలైన్‌మెంట్ పోయిందని అర్థం. బండి ఒక పక్కకి లాగకుండా, అరుగుదల సమానంగా ఉంటే ఆ అలైన్‌మెంట్ డబ్బులు ఇప్పుడు దండగ.

ఇంకొకటి, టైరు పక్కన డీఓటీ అని మొదలయ్యే వరస ఉంటుంది, దాని చివరి నాలుగు అంకెలే టైరు పుట్టిన రోజు. 2321 అంటే 2021లో 23వ వారం. ఒక పక్క ఆ వరస పూర్తిగా ఉండదు, అప్పుడు రెండో పక్క, అంటే కారు కింద వైపు చూడాల్సిందే. నాలుగింటివీ రాసి ఇక్కడ పెట్టండి, తర్వాత మాట్లాడుకుందాం.

హ్యూస్టన్ నుంచి

లైటు సంగతి నేను చెప్తా. అది ఆగకుండా వెలిగితే గాలి తక్కువ. మొదట ఒక నిమిషం పాటు మిణుకుమని తర్వాత నిలకడగా వెలిగితే గాలి సమస్య కాదు, సెన్సార్ పలకడం లేదని. 2008 మోడల్ నుంచి ఇక్కడి కార్లన్నిటికీ గాలి తగ్గితే హెచ్చరించే ఏర్పాటు తప్పనిసరి. మీ బండిలో ఆ సెన్సార్ చక్రం లోపల వాల్వ్‌కి అంటుకుని ఉంటుంది, లోపలి చిన్న బ్యాటరీ అయిపోతే మొత్తం సెన్సారే మార్చాలి, బ్యాటరీ ఒక్కటే మార్చడం కుదరదు. మీ బండి వయసుకి అది సహజమే. ఎలాగూ టైరు విప్పుతారు కాబట్టి అప్పుడే మార్పించేయండి, తర్వాత విడిగా వెళ్తే మళ్ళీ టైరు విప్పిన కూలీ, బ్యాలెన్సింగ్ కూలీ కట్టాలి. ఏ చక్రంది పోయిందో వాళ్ళ దగ్గరున్న చిన్న రీడర్‌తో నిమిషాల్లో చెప్పేస్తారు, అది తెలిశాకే డబ్బుల మాట.

ప్రశ్న అడిగినవారు

చూశానండీ. ముందు రెండూ 1418, వెనక రెండూ 3022. క్వార్టర్ పెడితే ముందు తల అంతా కనిపించింది, వెనక కొంచెం మునిగింది. అరుగుదల అన్నిచోట్లా ఒకేలా ఉంది, బండి ఎటూ లాగడం లేదు. ముందు టైర్ల పక్క గోడ మీద వెంట్రుక వాసి బీటలు కనిపిస్తున్నాయి. అయితే ముందుకి రెండు కొత్తవి వేస్తే సరిపోతుందా? కారు నడిచేది ముందు చక్రాల మీదే కదా.

ప్లేనో నుంచి

ముందువి 2018వి, పైగా బీటలు, అవి తీసేయాల్సిందే, అక్కడ ఆ అబ్బాయి మాట తప్పు కాదు. వెనకవి 2022వి, 5 ఉంది కాబట్టి ఇంకా నడుస్తాయి. కానీ కొత్త రెండూ ముందుకి వద్దు, వెనక్కి వేయించండి, ఇప్పుడు వెనకున్నవి ముందుకి తెప్పించండి. చాలామంది మీలాగే అనుకుంటారు, కొన్ని షాపుల్లో అడిగితే అలాగే వేసేస్తారు కూడా. వాన నీళ్ళలో ముందు టైర్లు జారితే బండి తిరగాల్సిన చోట తిరగకుండా నేరుగా వెళ్తుంది, మనకి తెలుస్తుంది, కాలు తీస్తే వేగం తగ్గి మళ్ళీ పట్టు దొరుకుతుంది. వెనకవి జారితే బండి బొంగరంలా తిరిగిపోతుంది, అప్పుడు మనలాంటి మామూలు డ్రైవర్ చేయగలిగింది దాదాపు ఏమీ ఉండదు. అందుకే లోతున్న టైర్లు ఎప్పుడూ వెనకే. టైర్ల కంపెనీలూ ఇదే చెప్తాయి.

అట్లాంటా నుంచి

నేనైతే నాలుగూ మార్చేస్తా. 5 అంటే ఎంతకాలం వస్తుంది? ఏడాదో ఏడాదిన్నరో, మళ్ళీ ఇదే తతంగం. నాలుగూ ఒకేసారి వేస్తే ఒకే మోడల్, ఒకే వయసు, రొటేషన్ (ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్చడం) చేయించుకుంటూ పోవచ్చు. డబ్బు ఇబ్బంది అయితే రెండు వేయించుకోవడంలో తప్పేం లేదు తమ్ముడూ, నీ కారు ముందు చక్రాలదే కాబట్టి నడిచిపోతుంది. ఇది చదివే వాళ్ళలో సుబారులు, ఆల్ వీల్ డ్రైవ్ బండ్లు ఉన్నవాళ్ళు మాత్రం ఈ రెండు టైర్ల సలహా పాటించకండి. నాలుగు చక్రాల చుట్టుకొలతల్లో తేడా ఉంటే లోపలి గేర్ల మీద భారం పడుతుంది, ఆ రిపేరుతో పోలిస్తే టైర్ల ఖర్చు ఏపాటిది.

ఫ్రిస్కో నుంచి

ఎక్కడ కొనాలో ఎవరూ చెప్పలేదు కదా. ఆయిల్ మార్చే చోట, డీలర్ దగ్గర వద్దు. డ్రైవర్ తలుపు తెరిస్తే చట్రం మీద స్టిక్కర్ ఉంటుంది, సైజు అక్కడ చూసుకోండి. 205/55 ఆర్16 ఉండాలి మీ బండికి. దాని తర్వాత వచ్చే 91 హెచ్ లాంటిది బరువు, వేగం హద్దు. 91 అంటే ఒక్కో టైరు 615 కిలోలు మోస్తుంది, హెచ్ అంటే గంటకి 210 కిలోమీటర్ల దాకా. స్టిక్కర్ మీద ఉన్నదానికన్నా తక్కువది ఎంత చవకైనా తీసుకోవద్దు, ఎక్కువైతే ఫర్వాలేదు.

కాస్ట్‌కో సభ్యత్వ కార్డు ఉంటే మొదట అక్కడ ధర చూడండి. బిగించడంలోనే బ్యాలెన్సింగ్, తర్వాతి రొటేషన్లు, పంక్చర్లు, నైట్రోజన్, అయిదేళ్ళ రోడ్ హజార్డ్ (గుంతలకో మేకులకో టైరు పాడైతే ఇచ్చే హామీ) అన్నీ కలిసి వస్తాయి. కంపెనీల డిస్కౌంట్లు మారుతూ ఉంటాయి, ఈ నెల ఏ కంపెనీదో చూసుకోండి. ఇబ్బంది ఏంటంటే అపాయింట్‌మెంట్ దొరకడం, అలైన్‌మెంట్ చేయకపోవడం. డిస్కౌంట్ టైర్ అనే షాపుల వాళ్ళు ఎక్కడ కొన్న టైరుకైనా పంక్చర్ ఊరికే వేస్తారు, బయటి ధర చూపిస్తే సరిపెడతారు కూడా, అడగాలంతే. ఎవరికి ఫోన్ చేసినా అడగాల్సింది ఒక్కటే: టైరు, బిగింపు, వాల్వ్, పాత టైరు పారేసే రుసుము, పన్ను అన్నీ కలిపి నేను బయటికొచ్చేటప్పుడు ఎంత కడతాను? మన వైపు పన్నే 8.25 శాతం, టైరు ధర ఒక్కటి చెప్పి ఊరుకుంటే బిల్లు చూశాక గుండె గుభేలుమంటుంది.

నైట్రోజన్‌కి విడిగా డబ్బులు ఇవ్వకండి. మామూలు గాలిలోనే 78 శాతం అదే ఉంది.

డెట్రాయిట్ దగ్గర్నుంచి

టెక్సాస్‌లో ఆల్ సీజన్ చాలు, మాకు అది కుదరదు. 7 డిగ్రీల సెల్సియస్ కిందికి వస్తే మామూలు రబ్బరు గట్టిపడిపోతుంది, చలికాలం టైర్ల రబ్బరు మెత్తగానే ఉంటుంది. మా వైపుకి మారేవాళ్ళు ఎం ప్లస్ ఎస్ (బురద, మంచు) అని రాసుంటే చాలనుకోకండి, మూడు శిఖరాల కొండలో మంచు రేకు గుర్తు ఉందో లేదో చూడండి. రెండు సెట్లు దాచుకోవడానికి చోటు లేని అపార్ట్‌మెంట్ వాళ్ళకి ఆ గుర్తున్న ఆల్ వెదర్ టైర్లు మేలు.

డెంటన్ నుంచి

వాడిన టైర్లు 40 డాలర్లకే ఇస్తారని ఎవరో ఒకరు చెప్తారు చూడండి. మన ఎండలకి పైకి బాగున్న టైరు కూడా లోపల ఎండిపోయి ఉంటుంది. పక్క గోడకి ప్యాచ్ వేసినది అసలు ముట్టుకోవద్దు, పంక్చర్ బాగు చేయాల్సింది రోడ్డుకి తగిలే భాగంలోనే. జనవరి 2025 నుంచి ఇక్కడ మామూలు కార్లకి సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ తీసేశారు, పొగ పరీక్ష మాత్రం డల్లాస్ లాంటి కౌంటీల్లో ఉంది. అంటే టైర్లు అరిగాయని చెప్పేవాడే లేడిక, మనమే చూసుకోవాలి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ థ్యాంక్స్. రెండు కాదు, నాలుగూ మార్చేస్తున్నా. అమ్మానాన్నతో వానలో పోవాల్సి వస్తే ఆ బెంగ ఎందుకని. నాలుగు టైర్లు, ఒక సెన్సార్, పన్ను అన్నీ కలిపి ఒక షాపులో 690 చెప్పారు, శనివారం పొద్దున్నే అపాయింట్‌మెంట్. అలైన్‌మెంట్ వద్దన్నా, నైట్రోజన్ వాళ్ళే ఊరికే కొడతామన్నారు.

హ్యూస్టన్ నుంచి

మంచి ధరే. వాళ్ళు టైర్లు బిగించే ముందు నాలుగింటి మీదా డీఓటీ అంకెలు చూపించమనండి, రెండు మూడేళ్ళ నుంచి గోడౌన్‌లో పడున్నవైతే మార్చమని అడగండి, ఏమీ అనుకోరు. గాలి డోరు స్టిక్కర్ మీద ఉన్నంతే, టైరు మీద రాసినది గరిష్ఠం, అంత కొట్టించకూడదు. శాన్ ఆంటోనియో బయల్దేరేలోపు 50 మైళ్ళు తిరిగాక ఒకసారి షాపుకెళ్ళి నట్లు బిగుతు చూపించుకోండి. బిల్లు పారేయకండి, అయిదారు వేల మైళ్ళకి రొటేషన్ చేయించినట్టు కాగితాలు లేకపోతే తర్వాత మైళ్ళ వారంటీ అడిగినా ఇవ్వరు.