ఫైల్ సర్వర్ నుంచి షేర్‌పాయింట్ ఆన్‌లైన్‌కు తరలింపు: ఏజెంటును ఎక్కడ ఇన్‌స్టాల్ చేయాలి, ఏ ఖాతాకు ఎంత అధికారం ఇవ్వాలి?

ప్రశ్న: నెల్లూరు_ఐటీ

అందరికీ నమస్కారం. నెల్లూరు దగ్గర రొయ్యల ప్రాసెసింగ్, ఎగుమతి చేసే ఒక సంస్థలో ఐటీ పనులు చూస్తున్నాను. మా ప్లాంటులో విండోస్ సర్వర్ 2012 ఆర్2 మీద నడిచే ఫైల్ సర్వర్ ఒకటి ఉంది. చెరువుల వారీగా రైతుల వివరాలు, పట్టుబడికి ముందు చేయించే యాంటీబయాటిక్ పరీక్షల సర్టిఫికెట్లు, కంటైనర్ల షిప్పింగ్ పత్రాలు, జీతాల లెక్కలు అన్నీ దాంట్లోనే ఉన్నాయి. మొత్తం సుమారు రెండు టెరాబైట్లు. ఆ సర్వర్‌కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2023 అక్టోబరు 10తోనే ముగిసింది కాబట్టి ఇక ఆలస్యం చేయకుండా అంతా షేర్‌పాయింట్ ఆన్‌లైన్‌కు (మైక్రోసాఫ్ట్ క్లౌడులో పత్రాలు దాచి పంచుకునే సేవకు) తరలించాలని యాజమాన్యం నిర్ణయించింది. మైక్రోసాఫ్ట్ వారి తరలింపు సాధనం మైగ్రేషన్ మేనేజర్ వాడాలని అనుకుంటున్నాం.

నా సందేహాలు మూడు. ఏజెంటును (ఫైళ్లను చదివి క్లౌడుకు పంపే సాఫ్ట్‌వేర్‌ను) ఫైల్ సర్వర్ మీదే ఇన్‌స్టాల్ చేస్తే సరిపోతుందా, వేరే యంత్రం కావాలా అన్నది మొదటిది. రెండోది నన్ను ఎక్కువగా ఇబ్బంది పెడుతున్నది: పని ఒప్పుకున్న కాంట్రాక్టరు మా డొమైన్ అడ్మిన్ ఖాతా (ఆఫీసు నెట్‌వర్కు మొత్తం మీద అధికారం ఉన్నది), క్లౌడులో గ్లోబల్ అడ్మిన్ ఖాతా (అక్కడ అన్నింటి మీదా అధికారం ఉన్నది) రెండూ రెండు నెలల పాటు తమ చేతికి ఇవ్వమంటున్నారు. నాకు ఇవ్వబుద్ధి కావడం లేదు. ఇవ్వకపోతే పని నడవదని వారు అంటున్నారు. మూడోది, ఇప్పుడు ఫోల్డర్ల మీద ఉన్న పర్మిషన్లను ఉన్నవి ఉన్నట్టుగా తీసుకువెళ్లాలా, అక్కడికి వెళ్లాక కొత్తగా ఇచ్చుకోవాలా? మీలో ఎవరైనా ఈ పని చేసి ఉంటే దయచేసి చెప్పగలరు.

జవాబు: ఒంగోలు_సర్వర్‌గది

నమస్కారమండీ. నేను చీమకుర్తి గ్రానైట్ వ్యాపారంలో ఉన్న ఒక సంస్థకు ఇదే పని చేశాను. మీ అనుమానం సరైనదే. ఆ రెండు ఖాతాలూ ఇవ్వవలసిన అవసరం లేదు.

ముందు ఇన్‌స్టలేషన్ సంగతి. మద్దతు ముగిసిన సర్వర్ మీద కొత్తగా ఏదీ పెట్టకండి. పగలంతా సిబ్బంది ఫైళ్లు తెరుస్తూ ఉండే యంత్రం మీద తరలింపు భారం కూడా వేస్తే రెండూ కుంటుతాయి. అదే లాన్‌లో విడిగా ఒక యంత్రం తీసుకోండి: నాలుగు కోర్ల ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ మీద కనీసం 150 జీబీ ఖాళీ. ఈ ఖాళీ సిస్టమ్ డ్రైవులో చూసుకోవాలన్నది చాలామంది మరిచిపోతారు. ఏజెంటు తన పని ఫైళ్లను మామూలుగా అక్కడే దాచుకుంటుంది, సి డ్రైవు నిండితే పని మధ్యలో ఆగిపోతుంది. బయటికి 443 పోర్టు తెరిచి ఉండాలి. ప్రాక్సీ ఉంటే దాని సంగతి ముందే తేల్చుకోండి. ఇదంతా ఒక పూట పని, దీని గురించి ఎక్కువ ఆలోచించనవసరం లేదు.

అసలు శ్రమ అధికారాల దగ్గరే ఉంది. ఇక్కడ మూడు వేర్వేరు అధికారాలు కలగలిసిపోయి ఉన్నాయి, కాంట్రాక్టరు వాటిని విడదీయకుండా అన్నింటికన్నా పెద్ద తాళంచెవి అడుగుతున్నారు. ఏజెంటును ఇన్‌స్టాల్ చేసేవారికి ఆ ఒక్క యంత్రం మీద లోకల్ అడ్మిన్ అధికారం ఉంటే చాలు, అదీ ఆ పూటకే. ఫైళ్లను చదవడానికి డొమైన్‌లో ఒక సాధారణ ఖాతా సృష్టించి, తరలించవలసిన షేర్ల మీద షేర్ పర్మిషన్ (నెట్‌వర్కు ద్వారా తెరిచే హక్కు), ఎన్‌టీఎఫ్‌ఎస్ పర్మిషన్ (డిస్కు మీద ఫోల్డరుకు ఉన్న హక్కు) రెండు చోట్లా చదివే హక్కు మాత్రం ఇవ్వండి. తరలింపు సాఫ్ట్‌వేర్ మూలంలో ఏదీ రాయదు, చెరపదు. ఇక క్లౌడు వైపు గ్లోబల్ అడ్మిన్ అక్కరలేదు, షేర్‌పాయింట్ అడ్మిన్ పాత్ర సరిపోతుంది. ఆ పాత్రను కూడా తరలింపు కోసమే సృష్టించిన ఖాతాకు ఇచ్చి, పాస్‌వర్డు మీ దగ్గరే ఉంచుకుని, సైన్ ఇన్ చేయవలసినప్పుడు మీరే కూర్చోండి. ఆ ఖాతాకు మల్టీ ఫ్యాక్టర్ (పాస్‌వర్డుతో పాటు అడిగే రెండో ధ్రువీకరణ) తీసేయమని తప్పకుండా అడుగుతారు. తీయకండి, పైగా కండిషనల్ యాక్సెస్ (సైన్ ఇన్‌కు షరతులు పెట్టే సదుపాయం) లైసెన్సు ఉంటే, మీ ప్లాంటు పబ్లిక్ ఐపీ నుంచి తప్ప మరెక్కడి నుంచీ ఆ ఖాతా లోపలికి రాకుండా కట్టడి చేయండి.

ఒక చిక్కు మాత్రం వస్తుంది. జీతాలు, ఆడిట్ వంటి ఫోల్డర్లలో ఎవరో ఎప్పుడో అడ్మినిస్ట్రేటర్లను సైతం తొలగించి ఉంటారు. మా దగ్గర అకౌంట్స్ పెద్దాయన ఒకరు తన ఫోల్డరుకు తానొక్కరే యజమానిగా ఉండి రిటైరై వెళ్లిపోయారు! అటువంటి చోట యాజమాన్యహక్కును బలవంతంగా మార్చే ముందు, విండోస్‌లోని ఐక్యాకల్స్ (icacls) ఆదేశంతో ఉన్న పర్మిషన్లన్నీ ఒక ఫైలులో భద్రపరచుకోండి. తర్వాత ఎవరైనా అడిగితే చూపించడానికి ఆధారం ఉంటుంది.

జవాబు: కావలి_వాస్తవ్యుడు

పర్మిషన్లను ఉన్నట్టుగా తీసుకువెళ్లడం గురించి నాది కొంత కటువైన అభిప్రాయం: తీసుకువెళ్లకండి. ఫైల్ సర్వర్‌లోని పర్మిషన్లు షేర్‌పాయింట్‌లోకి యథాతథంగా రావు. చదివే హక్కు అక్కడ రీడ్‌గా, మోడిఫై హక్కు కాంట్రిబ్యూట్‌గా, ఫుల్ కంట్రోల్ ఫుల్ కంట్రోల్‌గా మారుతాయి. ప్రత్యేక పర్మిషన్లు రావు. డినై (ఫలానా వారికి ప్రవేశం లేదని పెట్టే నిషేధం) అసలు రాదు. ఈ చివరిది ప్రమాదకరం. జీతాల ఫోల్డరును అందరికీ తెరిచి, ఒక గ్రూపును మాత్రం డినైతో ఆపి ఉంచారనుకోండి; తరలింపు పూర్తయిన మరునాడు ఆ గ్రూపులోని వారంతా జీతాల పట్టిక చూడగలుగుతారు.

గ్రూపుల కథ ఇంకొకటి. సర్వర్ మీదే సృష్టించిన లోకల్ గ్రూపులు క్లౌడుకు సింక్ కావు. డొమైన్ యూజర్స్ అనే గ్రూపు కూడా కాదు, మన జిల్లాల్లో నేను చూసిన సర్వర్లలో సగం పర్మిషన్లు దాని పేరు మీదే ఉంటాయి. ఉద్యోగం మానేసిన వారి స్థానంలో పొడవాటి ఎస్‌ఐడీ అంకెలు (విండోస్ ఒక్కో ఖాతాకు ఇచ్చే గుర్తింపు సంఖ్యలు) మాత్రమే మిగిలి ఉంటాయి, వాటికి అక్కడ జోడీ దొరకదు. పైగా ఒక్కో రైతు ఫోల్డరుకు ఒక్కో పర్మిషన్ పెట్టి ఉంటే అదీ ఇబ్బందే: ఒక లైబ్రరీలో (షేర్‌పాయింట్‌లో పత్రాలు ఉండే చోటు) విడివిడిగా ఇచ్చే పర్మిషన్లకు గరిష్ఠ పరిమితి 50,000 అయినా, 5,000 దాటనివ్వవద్దని మైక్రోసాఫ్ట్ వారే చెబుతారు.

అందువల్ల కొనుగోలు, నాణ్యత, షిప్పింగ్, అకౌంట్స్ అని పనిని బట్టి వేర్వేరు సైట్లు పెట్టి, ఒక్కో సైటుకు రెండు మూడు గ్రూపులతో సరిపెట్టండి. జిల్లా పేర్లతో మాత్రం గ్రూపులు పెట్టకండి. 2022లో జిల్లాలు విభజించినప్పుడు గూడూరు తిరుపతి జిల్లాలోకి వెళ్లింది, కందుకూరు నెల్లూరు జిల్లాలోకి వచ్చింది; ఒక సంస్థలో ఒకే రైతు కాగితాలు రెండు జిల్లాల ఫోల్డర్లలోనూ, రెండు రకాల పర్మిషన్లతోనూ ఉండటం నేను చూశాను.

జవాబు: పెన్నా_ఒడ్డు

చిన్న విషయమే కానీ మీకు పనికొస్తుంది. మీ రైతుల ఫోల్డర్ల పేర్లు తెలుగులో ఉన్నాయా? షేర్‌పాయింట్‌లో ఫోల్డర్ల దారి, ఫైలు పేరు కలిపి 400 అక్షరాలు దాటకూడదు. తెలుగులో కంటికి కనిపించే అక్షరాలు వేరు, యంత్రం లెక్కించేవి వేరు. గుణింతం గుర్తుకు ఒకటి, పొల్లుకు ఒకటి చొప్పున లెక్క పడుతుంది. "లక్ష్మి" మన కంటికి మూడక్షరాల లోపే, యంత్రానికి ఏడు. ఊరి పేరు, ఇంటి పేరు, చెరువు నంబరు అన్నీ పేర్చి ఫోల్డరు లోపల ఫోల్డరు పెట్టి ఉంటే పరిమితి తెలియకుండానే దాటిపోతుంది.

ఇంకో సంగతి, అను ఫాంట్లలో (యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లు) టైపు చేసిన పాత లేఖలు బ్రౌజరులో తెరిస్తే అర్థం కాని గుర్తులుగా కనిపిస్తాయి, వెతికినా దొరకవు. అది తరలింపులో వచ్చిన లోపమని కాంట్రాక్టరుతో గొడవ పడకండి.

ప్రశ్న అడిగినవారు: నెల్లూరు_ఐటీ

అందరికీ ధన్యవాదాలు. ఒంగోలు వారు చెప్పినట్టు విడి యంత్రం మీద ఏజెంటు పెట్టి, చదివే హక్కు మాత్రమే ఉన్న ఖాతాతో ముందుగా స్కాన్ (ఫైళ్లను పంపకుండా పరిశీలించడం) ఒక్కటే నడిపించాను. కాంట్రాక్టరు కాసేపు సణిగినా, స్కాన్ పూర్తయ్యాక డొమైన్ అడ్మిన్ ఊసు ఎత్తలేదు. ఆ ఖాతాకు తలుపు తెరవని ఫోల్డర్లు పదకొండు తేలాయి, వాటి యజమానులను ఒక్కొక్కరినే కలిసి మాట్లాడుతున్నాను. కావలి వారు హెచ్చరించినట్టే జీతాల ఫోల్డరులో డినై ఉంది.

ఒక సందేహం మిగిలింది. విదేశీ కొనుగోలుదారుల ఆడిట్‌లో పరీక్ష సర్టిఫికెట్ ఫైలు ఎప్పుడు తయారైందో చూస్తారు. తరలింపు తర్వాత తేదీలన్నీ తరలించిన రోజుకు మారిపోతాయా? అలాగే రైతుల ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ నకళ్లను ఎక్కడ పెట్టమంటారు?

జవాబు: ఒంగోలు_సర్వర్‌గది

తరలింపు సాధనం ద్వారా పంపితే మూలంలోని తేదీలు నిలుస్తాయి. ఎవరైనా తొందరపడి బ్రౌజరులోకి లాగి అప్‌లోడ్ చేస్తే తయారైన తేదీ ఆ రోజుదే పడుతుంది, కాబట్టి అలా చేయవద్దని సిబ్బందికి రాతపూర్వకంగా చెప్పండి. ఆధార్, పాస్‌బుక్ నకళ్లను విడి సైటులో, ఇద్దరు ముగ్గురికి మించి చూడలేని చోట పెట్టి, బయటివారితో షేరింగ్‌ను ఆ సైటుకు పూర్తిగా మూసేయండి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చాక అవి మీ సంస్థ బాధ్యతే. అసలు అవసరం లేని నకళ్లు ఉంటే, తరలించే ముందే యాజమాన్యం అనుమతితో తొలగించండి.

వేగం సంగతి కూడా చూసుకోండి. పగటి పని వేళల్లో మైక్రోసాఫ్ట్ తరలింపు పనులకు కళ్లెం వేస్తుంది, రాత్రులు, శని ఆదివారాలు నయం. మొదటి విడత పూర్తయ్యాక మారిన ఫైళ్లనే మళ్లీ పంపే విడతలు నడుపుతూ, చివరి విడతకు ముందు పాత షేరును అందరికీ చదవడానికి మాత్రమే వదిలేయండి. పని ముగిసిన రోజే ఆ షేర్‌పాయింట్ అడ్మిన్ పాత్రను తీసేసి, చదివే ఖాతాను డిజేబుల్ చేయండి.

ప్రశ్న అడిగినవారు: నెల్లూరు_ఐటీ

అలాగేనండి. వచ్చే శనివారం రాత్రి షిప్పింగ్ పత్రాల ఫోల్డరుతో మొదలుపెడుతున్నాం. జీతాల ఫోల్డరును అన్నింటికన్నా చివరన, అకౌంట్స్ మేనేజర్ గారి ఎదుటే తరలిస్తాం.