ఫ్రేముల్లో బూజు: వెనక సీల్ చేయాలా, వద్దా?

వైజాగ్ లాసన్స్ బే కాలనీలో కొత్త ఆర్టిస్టులు, డిజైనర్ల పనులు అమ్మిపెట్టే చిన్న గ్యాలరీ నాది. ఏటికొప్పాక లక్క బొమ్మలతో ఇబ్బంది లేదు, గొడవంతా కాగితం మీద వేసిన వాటర్‌కలర్లతోనే. వానలు మొదలైన దగ్గర్నుంచి అద్దం లోపలివైపు తెల్లటి పొర, మౌంట్ (బొమ్మ చుట్టూ పెట్టే అట్ట) అంచుల్లో గోధుమరంగు చుక్కలు. పగలు ఏసీ 24లో ఉంటే తేమ 58 శాతం, రాత్రి ఆపేశాక తెల్లారేసరికి 82 (రాత్రంతా నడిపితే కరెంటు బిల్లుకి మేమే అమ్ముడుపోతాం). తేమ పీల్చే సిలికా జెల్ పెట్టాను, ఫ్రేములు గోడకి తగలకుండా వెనక కార్కు ముక్కలు అతికించాను, యాసిడ్ లేని మౌంట్‌బోర్డు కూడా వేయించాను, అయినా తగ్గలేదు. ఒక ఫ్రేమరు వెనక అల్యూమినియం టేపుతో మొత్తం మూసేయమంటాడు, ఇంకొకాయన గాలి ఆడాలంటాడు. ఏసీ రాత్రిపూట ఆగిపోయే ఇలాంటి గదిలో ఏది మంచిది, సీల్ చేయడమా, వదిలేయడమా?