"వారిని నిష్ఠూరపెట్టకుడి": నిజం చెబితే నిష్ఠూరమా?

గునుపురం నుంచి ఒక తమ్ముడు:

పెద్దలకు నమస్కారం. ఇంటి గొడవే గానీ అడిగేది మాట గురించే. మా బావ పెళ్లయిన కొన్నాళ్లకి బాప్తిస్మం తీసుకున్నాడు. మా అప్ప తీసుకోలేదు. అతనితో చర్చికి వెళ్తుంది, పాటలు పాడుతుంది, కార్తీకంలో తులసి దగ్గర దీపమూ పెడుతుంది. బావ మంచోడే. తాగడు, చెయ్యెత్తడు. కానీ కంచం ముందు కూర్చున్నాడంటే చాలు, బైబిలు తెరిచి ఆమె తప్పు ఏ వచనంలో ఉందో చూపిస్తాడు. ఆమె అన్నం కెలుకుతూ కూర్చుంటుంది. నేను అదే బైబిల్లో పౌలు రాసిన పత్రిక, కొలొస్సయులకు 3:19 చూపించాను: "భర్తలారా, మీ భార్యలను ప్రేమించుడి, వారిని నిష్ఠూరపెట్టకుడి." దానికి బావ, "నిష్ఠూరమంటే కొట్టడం, బూతులు తిట్టడం. నేను సత్యం సెప్తన్నాను. నిజం నిష్ఠూరంగానే ఉంటాది" అన్నాడు. ఇంతకీ నిష్ఠూరమంటే ఏటండీ?

పర్లాకిమిడి నుంచి రిటైరైన తెలుగు మాస్టారు:

మీ బావగారు తెచ్చిన మాటే ఆయన్ని పట్టిస్తోంది, చూడండి. "నిజం నిష్ఠూరంగా ఉంటుంది" అన్నారంటే, నిజమైనా అది నిష్ఠూరమేనని ఒప్పుకున్నట్టే.

సంస్కృతంలో అది "నిష్ఠుర", హ్రస్వం. కఠినమైనది అని అర్థం. మన నోట్లో దీర్ఘం వచ్చింది, అర్థమూ కాస్త జరిగింది. రాయి నిష్ఠూరంగా ఉందని తెలుగువాడెవడూ అనడు. మాటే నిష్ఠూరం. "పెళ్లికి పిలవలేదని పిన్ని నిష్ఠూరమాడింది" అంటాం. "అంత్య నిష్ఠూరం కంటే ఆది నిష్ఠూరం మేలు" అంటాం. వీటిలో కర్ర లేదు, బూతూ లేదు. ఎదుటివాళ్ల తప్పును ఎత్తి చూపి, వాళ్ల మనసు చివుక్కుమనిపించే మాట అది. అబద్ధం కానక్కర్లేదు. పిన్నిని పెళ్లికి పిలవని మాట నిజమే కదా! పౌలు కూడా అబద్ధపు నిష్ఠూరం వద్దు, నిజమైనదైతే పరవాలేదు అని రెండు రకాలు చెయ్యలేదు. గ్రీకులో ఉన్న క్రియ చేదుకు సంబంధించింది, భార్య మీద మనసు చేదు చేసుకోవద్దని. ఆ చేదు తెలుగింట్లో ఏ రూపంలో బయటికొస్తుందో తెలిసినవాళ్లే ఈ మాట వేసి ఉంటారు.

మరొకటి, వచనం మొదట్లో ఉన్న సంబోధన. "భర్తలారా" అని ఉంటే అది భర్త వినాల్సింది. దాని పైనున్నది "భార్యలారా, మీ భర్తలకు విధేయులై యుండుడి", అది భార్య వినాల్సింది. మనిళ్లలో జరిగేది తిరగేసి. ఆయనకి ఆమె వచనం కంఠతా వచ్చు, ఆమెకి ఆయనది. నిజానికి ఆమెతో "విధేయులై యుండుడి" అని ఉంది గానీ, ఆయనతో "విధేయురాలిని చేసుకొనుడి" అని ఎక్కడా లేదు. పేతురు కూడా తన పత్రికలో స్త్రీలతో "లోబడియుండుడి" అన్నాడు. పురుషులతో "లోబరచుకొనుడి" అనలేదు. పడు, పరచు తేడా ఎనిమిదో తరగతి పిల్లాడికి తెలుసు, పెళ్లయ్యేసరికి మరిచిపోతాడు.

(గిడుగు రామమూర్తి గారి ఊళ్లో కూర్చుని ఈ "ఉడి"ల మీద ఇంత మమకారమేంటని నవ్వకండి. 1936లో మా ఊరు ఒరిస్సాలో కలిసింది, ఆయన రాజమండ్రి వెళ్లిపోయారు, గ్రాంథికం తగువు మాత్రం ఊళ్లోనే ఉండిపోయింది. "నిష్ఠూరపెట్టకండి" అని చదివినా పౌలుకేమీ అభ్యంతరం ఉండదు.)

తమ్ముడూ, ఈ వచనం బావగారికి మీరు మళ్లీ చదివి వినిపించకండి. ఆయన్నే చదువుకోనివ్వండి. మీరు చదివితే అదీ నిష్ఠూరమే అవుతుంది.

బరంపురం నుంచి ఒక అక్క:

మాది నేతవాళ్ల ఇల్లు, మా ఆయన వాళ్లది బాప్టిస్టు కుటుంబం. రెండేళ్లకోసారి మా ఊళ్లో బుఢీ ఠాకురాణి అమ్మవారి యాత్ర వస్తుంది కదా, మా పుట్టింటివాళ్లకి అది అమ్మవారు ఇంటికొచ్చినట్టే. పెళ్లయ్యాక వచ్చిన మొదటి యాత్రకి అత్తారింట్లో నోరెత్తడానికి భయపడ్డాను. ఆయనే స్కూటర్ మీద తీసుకెళ్లి వీధి మొగలో దింపి, టీ కొట్టు దగ్గర నిలబడ్డారు. పులి వేషాలు పోతుంటే చూస్తూనే ఉన్నారు గానీ లోపలికి రాలేదు. ప్రసాదం కొంగులో కట్టుకొచ్చాను. ఆయన తినలేదు, నన్ను తినొద్దనీ అనలేదు. ఇంటికొచ్చాక మా అత్తగారు ఏదో అనబోతే ఆయన రోమీయులకు 14:3 చదివారు: "తినువాడు తిననివాని తృణీకరింపకూడదు, తిననివాడు తినువానికి తీర్పు తీర్చకూడదు, ఏలయనగా దేవుడతనిని చేర్చుకొనెను."

ఆ రోజు ఈ వచనంలో సగం ఆయనకి, సగం నాకు అనిపించింది. తిననివాడు తీర్పు తీర్చకూడదు సరే, తినేదాన్ని నేను ఆయన్ని తీసిపారెయ్యకూడదు కూడా. "మా దేవుడి ప్రసాదం తినడు, ఏం భక్తో" అని పుట్టింట్లో నేనూ వెటకారమాడేదాన్ని. మానుకున్నాను. ఇప్పటికీ ఆదివారం చర్చికి వెళ్తాను, యాత్రకీ వెళ్తాను. పాస్టరుగారికి నచ్చదు, మా అమ్మకీ నచ్చదు.

రాయగడ నుంచి ఒక అన్నయ్య:

అక్కా, మీ మంచి కోరే అంటున్నాను. మౌనం అర్ధాంగీకారం అంటారు. "అవిశ్వాసులతో జోడుగా ఉండకుడి" అని రెండో కొరింథీ పత్రిక 6:14లో లేదా? మీ ఆయన ఇంట్లో చూస్తూ ఊరుకుంటే అది ప్రేమా, పిరికితనమా?

పర్లాకిమిడి మాస్టారు:

అన్నయ్యా, జోడు కట్టకముందు చూసుకోవాల్సిన వచనం అది. కట్టాక చదవాల్సింది మొదటి కొరింథీ పత్రిక 7:12. అవిశ్వాసురాలైన భార్య "అతనితో కాపురము చేయ నిష్టపడినయెడల, అతడు ఆమెను పరిత్యజింపకూడదు." అక్కడే 16లో "ఓ పురుషుడా, నీ భార్యను రక్షించెదవో లేదో నీకేమి తెలియును?" అని కూడా అడిగాడు. మౌనం గురించి అయితే మొదటి పేతురు 3:1 చూడండి. నమ్మని భర్తలు భార్యల నడవడి వలన "వాక్యము లేకుండనే" రాబట్టబడవచ్చును అన్నాడు. క్రైస్తవుల ఇళ్లలో "వాక్యం చెప్పడం" అంటే ఏమిటో మీకు తెలుసు. అది లేకుండానే అన్నాడు. ఇది స్త్రీలతో అన్నమాటే, నిజమే. కానీ భార్యకి వద్దన్న ప్రసంగం భర్తకి మాత్రం ఎవరు రాసిచ్చారు?

ఆ కాపురం అన్న మాట కూడా చూడండి. మనవైపు అప్పగింతలప్పుడు "బుద్ధిగా కాపరం సేసుకో అమ్మా" అని పిల్లతోనే అంటాం. పెళ్లికొడుకుతో అనడం నేను వినలేదు. పేతురు 3:7లో మగవాళ్లతో అన్నాడు, "జ్ఞానము చొప్పున వారితో కాపురము చేయుడి" అని.

జయపురం నుంచి ఒక సోదరి:

నిష్ఠూరం గురించి ఇంత మాట్లాడారు, సంతోషం. దెబ్బల సంగతి కూడా ఒకరు అనాలి. తీర్పు తీర్చకూడదని చెప్పి, తాగొచ్చి కొట్టేవాణ్ణి "చేర్చుకో" అని ఆడపిల్లని వెనక్కి పంపిస్తున్నారు. ఆ వచనాలు తిండి గురించి, దినాల గురించి. తలుపు మూసి కొట్టేవాడి గురించి కాదు. అక్కడ పోలీస్ స్టేషనుకే వెళ్లాలి.

బరంపురం అక్క:

నూటికి నూరుపాళ్లు. ఆ 3:7లోనే "యెక్కువ బలహీనమైన ఘటము" అని ఉంటే మా చర్చిలో ఆడవాళ్లు మూతి ముడుస్తారు. మా వీధిలో ఘటమంటే యాత్రలో నెత్తిన పెట్టుకుని ఊరేగించే అమ్మవారి కుండ, అందుకని నాకు కోపం రాలేదు.

సిరోంచ నుంచి ఒకాయన:

మాస్టారూ, అదే వచనంల భార్యలు "పాలివారై యున్నారని యెరిగి" అని ఉన్నది. మా దిక్కు పాలోళ్లంటే అన్నదమ్ముల పిల్లలు. చావుకు ముట్టుడు పట్టేటోళ్లు, భూమిల భాగం అడిగేటోళ్లు. పెండ్లాన్ని పాలివారు అన్నడంటే గట్టు పంచాది ఇంట్లకు తెచ్చినట్టు కాదా?

పర్లాకిమిడి మాస్టారు:

వాటా ఉంది కనకనే గట్టు దగ్గర నిలదీస్తారు. కూలికొచ్చినవాడు గట్టు సంగతి అడగడు కదా. "జీవమను కృపావరములో" ఆమెకి సొంత వాటా ఉందన్నమాట, మొగుడు దయతలచి ఇచ్చేది కాదు. ఆమెతో ఎలా ఉంటున్నారన్న దాన్ని బట్టి ఆయన ప్రార్థనలకు అభ్యంతరం వస్తుందని కూడా అందులోనే రాశాడు.

సిరోంచ ఆయన:

అట్లయితే ఒప్పుకుంట. గనీ మా పాలోళ్లకు మాత్రం ఈ వచనం చూపియ్య. ప్రార్థన అడ్డం పెట్టి ఇంకో రెండు గుంటలు అడుగుతరు.